ఒకటో వరసలో నా రక్తం

పోయిన మంగళవారం పొద్దున కాఫీ సగం తాగానో లేదో, ఫోనులో ఒక కాగితం వచ్చి పడింది. పంపింది మా చెల్లెలి కూతురు. ముప్పై అయిదు దాటినా పెళ్లి మాటెత్తితే చాలు లేచి వెళ్లిపోయే ఆ పిల్ల, తన ఆఫీసులోనే పనిచేసే విజయవాడ అబ్బాయిని చేసుకుంటానని రెండు నెలల కిందట తనంతట తానే చెప్పి మా అందరి నోళ్లూ మూయించింది. ఆ అబ్బాయి రక్తపరీక్ష రిపోర్టు అది. ఒక్కో అంకెకు ఎదురుగా అది ఎంతనుంచి ఎంతవరకు ఉండవచ్చో అచ్చువేసి, అడుగున లావుపాటి అక్షరాలతో నార్మల్ అని రాసి ఉంది. దాని కింద మా పిల్ల తన మాట ఒకటి చేర్చింది: చూసి ఒక్క మాట చెప్పు పెద్దమ్మా, అని. ఆ ఒక్క మాట చెప్పలేక మధ్యాహ్నం దాకా టి. నగర్‌లో నేను ఒంటరిగా ఉండే రెండు గదుల ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరిగాను. కుక్కరు పెట్టి బియ్యం వేయడం మరిచిపోయాను.

రక్తం జబ్బులమీద ముప్పై ఏళ్లకు పైగా పరిశోధన చేసి రిటైరైనదాన్ని, ఒక రిపోర్టు చదవడానికి ఇంత హైరానా ఏమిటని మీకు అనిపించవచ్చు. చెబుతాను. నా ఈడువాళ్లు, ముఖ్యంగా చదువుకున్నామన్న ధీమాతో ఇంట్లోవాళ్లకు ఏదో ఒకరోజు ఒక మాట చెప్పేసి, ఆ తర్వాత ఆ మాటను మోస్తూ బతికినవాళ్లు మీలో ఎవరైనా ఉంటే, వాళ్లకు నా అవస్థ వెంటనే తెలిసిపోతుంది.

మాది చూలై. మా ముత్తాతల కాలంనుంచీ మద్రాసులోనే ఉన్నా ఇంట్లో తెలుగు వదలని కుటుంబం. కింద నాన్న లేతు మిషను పెట్టుకున్న చిన్న వర్క్‌షాపు, పైన మేము. మిషను ఆడినంతసేపూ మా మేడమీద గిన్నెలు సన్నగా వణుకుతుండేవి, ఆ వణుకు నా ఒంట్లోకే వచ్చి ఉంటుందని, అందుకే నేను ఒకచోట కూర్చోలేనని అమ్మ విసుక్కునేది. కాలికి చక్రాలున్నాయనేది. నాన్న ఊరి చివర మనలిలో ఒక ఫ్యాక్టరీకి ఇత్తడి మరమేకులు తయారుచేసి ఇచ్చేవాడు. ఆయన దగ్గర వెల్వెట్ గుడ్డ వేసిన చెక్కపెట్టెలో ఒక నమూనా ముక్క ఉండేది. ప్రతి మరమేకునూ దాని పక్కన పెట్టి కొలిచి కానీ పంపడు. నెలకొకసారి ఆ నమూనానే జేబులో వేసుకుని బస్సెక్కి మనలి వెళ్లి, అక్కడివాళ్ల పరికరంలో దాన్ని కొలిపించుకుని వచ్చేవాడు. వాడేకొద్దీ అరుగుతుందని ఆయన భయం. ఆ బస్సు ప్రయాణం మాకు ఒక వేళాకోళం. నాన్న మొహం ఎప్పుడూ కాస్త పాలిపోయినట్టే ఉండేది, వీధి చివరి డాక్టరు ఏళ్ల తరబడి ఐరన్ టానిక్ రాసిస్తూనే ఉన్నాడు, ఆయన తాగుతూనే ఉన్నాడు, మొహం మాత్రం మారలేదు. దాన్ని గురించి ఎవరమూ ఆలోచించలేదు, నాతో సహా.

ఎమ్మెస్సీ అయ్యాక ఒక ఆస్పత్రి పైఅంతస్తులో రక్తం జబ్బుల లేబరేటరీలో చేరాను. అక్కడ ఒక ఆచారం ఉండేది. కొత్తగా ఎవరు చేరినా మొదటిరోజు చేయి చాపి రక్తం ఇవ్వాలి. రోగుల రక్తాన్ని దేనితోనైనా పోల్చి చూడాలి కదా, అలా పోల్చడానికి పనికొచ్చే ఆరోగ్యవంతుల రక్తం బయట ఎక్కడ దొరుకుతుంది, మాలో మేమే ఇచ్చుకునేవాళ్లం. నా నరం సూదికి ఇట్టే దొరికేది. పైగా ఎప్పుడడిగినా లేదనేదాన్ని కాదు. అందుకని కొద్ది నెలల్లోనే ప్రతి పరీక్షలోనూ ఒకటో వరస నాదైపోయింది, ఆ వరస మీద ఇంగ్లీషులో ఎన్ అని రాసేవారు, అంటే నార్మల్. మా టెక్నీషియను అక్క, తమిళావిడ, నన్ను పేరుతో పిలవడం మానేసి నార్మల్ అనే పిలిచేది. నార్మల్ ఇంకా రాలేదా, నార్మల్ టీ తాగిందా. నిజం చెప్పొద్దూ, నాకు అది ఎంతో గర్వంగా ఉండేది.

మా పని ఏమిటంటే, రక్తానికి ఎరుపునిచ్చే పదార్థాన్ని ఒక తెల్లటి పట్టీ మీద చుక్కలుగా పెట్టి, కరెంటు పంపితే, అది రకరకాల గీతలుగా విడిపోతుంది. అందులో రెండో గీత మామూలుకంటే ముదురుగా ఉంటే ఆ మనిషిలో తలసీమియా దాగి ఉన్నట్టు. దాగి ఉండడమంటే మనిషికేమీ కాదు, పెద్దగా తెలియను కూడా తెలియదు. మనలో ఆ ఎరుపును తయారుచేసే జన్యువులు రెండుంటాయి, తల్లినుంచి ఒకటి, తండ్రినుంచి ఒకటి. ఒకటి చెడినా రెండోది సంసారం ఈడ్చుకొస్తుంది. రెండూ చెడినవి బిడ్డకు వస్తేనే ముప్పు. మేనరికాల పిల్లలు, పసుపు పచ్చని కళ్లతో, ఉబ్బిన పొట్టలతో కింద వార్డులో వరసగా కనబడుతుంటే నాకు కాలు నిలిచేది కాదు. పట్టీమీద గీతలు విడిపోయేదాకా కుర్చీలో కూర్చోమంటే కూర్చోలేక వరండాలో పచార్లు చేసేదాన్ని. మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటినుంచి చేయాలి, ఆ రోజు నా మొహం చూడడానికి ఎవరికీ ధైర్యం చాలేది కాదు.

ఇంతలో మా ఇంట్లోనే మేనరికం వచ్చింది. అమ్మ తమ్ముడు, మా మామ, నాకంటే రెండేళ్లు పెద్ద, అసలు నాకే అనుకున్న మనిషి. నేను పరిశోధన అంటూ కుదరదన్నాను. ఇంట్లో కొన్నాళ్లు అలకలు సాగాక, నాకంటే ఆరేళ్లు చిన్నదైన మా చెల్లెలికి ఖాయం చేశారు. దానికి మామంటే ఇష్టమే. నాకు మాత్రం మనసు ఊరుకోలేదు, వార్డులో పిల్లలు కళ్లలో మెదులుతున్నారు. ఇద్దరి రక్తమూ చూడందే ముహూర్తం పెట్టడానికి వీల్లేదని పట్టుబట్టాను. అమ్మ పెద్ద రభస చేసింది, శుభమా అని పెళ్లి అనుకుంటుంటే సూదులేమిటని. చివరికి చెల్లెలే, నాకు భయంగా ఉంది, అక్క చూస్తే చూడనీ అంది.

మా ప్రొఫెసరు గారు నిదానస్తుడు, ఒక మాట రెండుసార్లు చెప్పని మనిషి. సొంత చెల్లెలి రక్తం పక్కన నీ రక్తం పెట్టకు, టెక్నీషియనుది పెట్టు అని ఒక్కసారి అన్నారు. తిరిగి అనలేదు. టెక్నీషియను అక్క ఆ వారం వేళాంగణ్ణి యాత్రకు వెళ్లింది. ఆవిడ వచ్చేది సోమవారం. పురోహితుడు ముహూర్తం చూసుకుని శుక్రవారం మా ఇంటికి వస్తానన్నాడు. మూడు రోజులు ఆగితే సరిపోయేది. ఆగలేదు. ఎప్పటిలాగే నా చేతికి దూది అదుముకుని ఒకటో వరసలో నన్ను, రెండోదాంట్లో మామను, మూడోదాంట్లో చెల్లెలిని పెట్టాను. మామ గీత ముదురుగా తేలింది, అంటే ఆయనలో జబ్బు దాగి ఉంది. చెల్లెలిది చూశాను. అచ్చం నా గీతే. ఒకదాని మీద ఒకటి పెడితే కలిసిపోయేంత సరిగ్గా నా గీతే. ప్రాణం లేచొచ్చింది. ఒక్కరిలోనే ఉంటే పుట్టే బిడ్డకు భయం లేదు. సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి చెల్లెలు మెట్లమీదే నిలబడి ఉంది. నార్మలా అక్కా అని అడిగింది. నార్మల్ అన్నాను. నువ్వు అచ్చం నా మాదిరే ఉండావు అని కూడా అన్నాను. ఆ మాట ఇవాళ్టికీ నా చెవుల్లో ఉంది.

పెళ్లయింది. రెండేళ్లకు ఆడపిల్ల పుట్టింది. నాలుగో ఏడు నడుస్తుండగా పిల్ల పాలిపోవడం మొదలుపెట్టింది, నాలుగు మెట్లెక్కితే రొప్పేది, ఎడమవైపు పొట్ట గట్టిపడింది. మా వీధి డాక్టరు యథాప్రకారం ఐరన్ టానిక్ రాశాడు. నేను దాన్ని ఎత్తుకుని మా లేబరేటరీకి తీసుకెళ్లాను. ఆ పట్టీమీద ఏం చూశానో వేరే చెప్పాలా, వార్డులో అన్నేళ్లుగా చూస్తున్నదే. నెలనెలా రక్తమెక్కించాల్సినంత తీవ్రమైంది కాదు, బతుకుతుంది, కానీ బతుకంతా వెన్నంటి ఉండే రకం. చెల్లెలు నన్నేమీ అడగలేదు. అది అడగకపోవడమే నన్ను తినేసింది.

మామనుంచి ఒక చెడ్డ జన్యువు వచ్చింది, సరే. రెండోది ఎక్కడినుంచి వచ్చింది? అక్కడ మొదలైంది నా వెతుకులాట. అప్పుడప్పుడే జన్యువుల రాతను నేరుగా చదివే పద్ధతులు మన ఊరిదాకా వచ్చాయి. చదవాలంటే ముందు జన్యువును లక్షల నకళ్లుగా పెంచాలి, ఆ పని చేసే మిషను మాకు ఇంకా రాలేదు. మూడు నీళ్ల తొట్లు పెట్టుకున్నాం, ఒకటి సలసలా కాగేది, ఒకటి వెచ్చనిది, ఒకటి మధ్యరకం. చేతిలో స్టాప్‌వాచీ పట్టుకుని, గొట్టాలున్న చట్రాన్ని ఒక తొట్టిలోంచి ఇంకో తొట్టిలోకి, నిమిషానికొకసారి, ముప్పైసార్లు మార్చాలి. మే నెల ఎండలో, ఆ ఆవిర్లలో, చీర చెంగు నడుముకు చెక్కుకుని నేను చేసిన ఆ పనిని చూసి టెక్నీషియను అక్క, నార్మల్‌కు చివరికి తగిన పని దొరికిందని నవ్వేది. నిజమే, నా జన్మకు అంతకంటే నప్పే పని లేదు, కూర్చోనక్కర్లేదు కదా. ఇప్పుడు అదంతా చిన్న పెట్టెంత మిషను చేస్తోంది, మనుషులు పక్కన కూర్చుని ఫోను చూసుకుంటున్నారు.

ఎంత చేసినా చెల్లెలి జన్యువులో తప్పు దొరకలేదు. ఎక్స్‌రే ఫిల్ము మీద జన్యువులోని నాలుగే అక్షరాల రాత నిచ్చెన మెట్లలా పడుతుంది. నా నిచ్చెన పక్కన దాని నిచ్చెన పెట్టుకుని, మెట్టు మెట్టుకూ వేలు పెట్టి చదివాను. తేడా లేదు. మళ్లీ చేశాను. లేదు. అయిదేళ్లు ఇదే వరస. చెల్లెలి కూతురి ఫైలులో రెండో తప్పు తెలియరాలేదు అని నా చేతి రాతతోనే రాసి ఉంది. మిగతా రోగుల మీద పేపర్లు అచ్చవుతున్నాయి, సభలకు పిలుస్తున్నారు, శాలువాలు కప్పుతున్నారు. ఇంటికొచ్చి ఆ శాలువా మంచంమీద పడేసి మళ్లీ ఆ ఫిల్ములే వెలుతురుకు పట్టి చూసేదాన్ని.

అప్పుడు వచ్చింది మా దగ్గరికి రాజమండ్రినుంచి ఒక పరిశోధక విద్యార్థిని. బెరుకు మనిషి, మాట చివర అండీ లేకుండా ఊపిరి తీసుకోదు. ఆచారం ప్రకారం మొదటి రోజు రక్తమిచ్చింది. నేర్చుకోవడానికి ఏదో ఒకటి చేసుకోమని నేనే మా చెల్లెలి నమూనా ఇచ్చాను, అందరం విసిగి వదిలేసినదే కదా అని. ఆ అమ్మాయికి నా రక్తం ఒక్కటి చాలన్న సంగతి ఎవరూ చెప్పలేదో, చెప్పినా సరిపోదనుకుందో, తన రక్తాన్ని కూడా ఒక వరసలో పెట్టింది. పది రోజుల తర్వాత ఫిల్ము పట్టుకుని నా గది గుమ్మంలో నిలబడింది. లోపలికి రమ్మన్నా రాదు. ఏమైందని కసిరాను. అప్పుడు చెప్పింది, నేలచూపులు చూస్తూ.

"మేడం, తేడా మీకూ మీ చెల్లెలిగారికీ మధ్య లేదండీ. మీ ఇద్దరికీ, నాకూ మధ్య ఉందండీ."

ఫిల్ము లాక్కుని చూశాను. ఒక్క అక్షరం. జన్యువు మొదట్లోనే ఒకే ఒక్క అక్షరం మారి ఉంది, నాలోనూ, చెల్లెలిలోనూ. జన్యువు పనిని కొంచెమే మందగింపజేసే మార్పు అది, పట్టీమీద గీతను కొంచెమే ముదురు చేస్తుంది, పక్కన సరైన మనిషి ఉంటే కానీ కంటికి ఆననంత కొంచెం. చెల్లెలి పక్కన ఉన్నది నేను. ఇద్దరమూ నాన్న కూతుళ్లం, టానిక్ తాగే నాన్న పాలిపోయిన మొహం అప్పుడు గుర్తొచ్చింది. కుర్చీలో కూలబడ్డాను. అన్నేళ్ల ఉద్యోగంలో నేను కదలకుండా కూర్చున్నది ఆ ఒక్క పూటే అని టెక్నీషియను అక్క తర్వాత చెప్పింది. ఆ పైన రెండు నెలలు అందరం పాత రిజిస్టర్లు తీసి, నా పక్కన పెట్టి తేల్చిన వాళ్లందరికీ ఉత్తరాలు రాసి తిరిగి రప్పించాము. పరీక్షలు మళ్లీ చేసి, మరో పాలిపోయిన పిల్ల ఏ ఇంట్లోనూ లేదని తేలేదాకా నాకు ముద్ద దిగలేదు. వేరే ఇంట్లో జరగలేదు, మా ఇంట్లోనే జరిగింది.

ఆ ఫిల్ము చూసిన మర్నాడే ఆదివారం, చూలై వెళ్లాను. చెప్పకుండా ఉండిపోవచ్చు, ఎవరికీ తెలియదు. మొహం చెల్లక వీధి మొదట్లోనే రెండుసార్లు వెనక్కి తిరిగాను. మేడమీద నాన్న ఉన్నాడు, చెల్లెలు చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది, మామ బయటికి వెళ్లాడు, పిల్ల పక్కింట్లో ఆడుకుంటోంది. నిలబడే అంతా చెప్పేశాను. నాన్న చాలాసేపు తన చేతులు చూసుకున్నాడు. నేను ఆయననుంచే వచ్చిందన్న సంగతి మెల్లగా చెప్పాను, ఆయన దాన్ని పట్టించుకోలేదు.

"నా నమూనా ముక్కను నెలనెలా మనలికి తీసకపోయి చూపించుకొనొస్తా ఉండా గదమ్మా" అన్నాడు. "నీదాన్ని ఎవురూ చూళ్లేదా?"

చెల్లెలు చాట పక్కన పెట్టి లేచింది. అది ఏడుస్తుందనుకున్నాను, అరుస్తుందనుకున్నాను. రెండూ చేయలేదు.

"నా రక్తం చూడమని గదక్కా నిన్నడిగింది. నువ్వు నీ రక్తం చూసుకొని నాకు చెప్పినావు."

అంతే. తలుపు వేసుకోలేదు, పొమ్మనలేదు, కాఫీ కూడా ఇచ్చింది. ఆ తర్వాత ఏడు నెలలు నాతో మాట్లాడలేదు. నేను మాత్రం ప్రతి ఆదివారం వెళ్లి కూర్చుని వచ్చేదాన్ని. ఎనిమిదో నెలలో పిల్లకు జ్వరం వచ్చి రక్తం బాగా పడిపోతే, ఫోను చేసి ఆటో పిలుచుకుని రా అక్కా, ఎంతసేపు అంది, మధ్యలో ఏమీ జరగనట్టు. ఆస్పత్రిలో పిల్లకు రక్తమెక్కుతుంటే పక్కన కూర్చుని, నువ్వు మామను చేసుకొనింటే ఈ బిడ్డే నీ కడుపున పుట్టిండేది గదా అంది. దెప్పిందో, ఓదార్చిందో నాకు అప్పుడు తెలియలేదు. ఇప్పటికీ తెలియదు. ఆ రోజు మొదలు నార్మల్ అన్న మాట నా నోట రాలేదు. మిగిలిన ఉద్యోగమంతా నా రిపోర్టుల్లో తేడా కనబడలేదు అనే రాశాను, అది చదివి డాక్టర్లు చిరాకుపడితే పడనిచ్చాను. లేబరేటరీలో పోల్చి చూడడానికి ఒక మనిషి రక్తం కాక నలుగురిది పెట్టాలని, ఇంటివాళ్ల పరీక్ష ఇంటివాళ్లు చేయకూడదని గోడమీద రాయించాను. ఒకటో వరసలోంచి నేను తప్పుకున్నాను. టెక్నీషియను అక్క రిటైరయ్యేదాకా నన్ను పేరుతోనే పిలిచింది, అదొక్కటి కాస్త బాధగా ఉండేది.

ఇదీ సంగతి. ఇప్పుడు అర్థమైందా ఆ ఒక్క మాటకు నేనెందుకు అంత గింజుకున్నానో. మా పిల్లలో ఆ జన్యువులు రెండూ చెడ్డవే, దానికి పుట్టబోయే బిడ్డకు ఒక చెడ్డది వచ్చి తీరుతుంది. రెండోది ఆ అబ్బాయి దగ్గరనుంచి మంచిది రావాలి. వచ్చిన రిపోర్టేమో పైపై అంకెల లెక్క, అలాంటి అంకెల్లోనే కదా నేను ఒకప్పుడు దాక్కున్నది. మధ్యాహ్నానికి ఇక ఆగలేక ఆ అబ్బాయికి నేనే ఫోను చేసి రమ్మన్నాను. పాపం, మారుమాట లేకుండా ఎండలో వచ్చాడు. ఇద్దరం కలిసి వెళ్లింది ఎవరి దగ్గరికో ఊహించారా, గుమ్మంలో నిలబడి నేలచూపులు చూసిన ఆ రాజమండ్రి అమ్మాయి దగ్గరికే. తల నెరిసింది, ఇప్పుడు ఒక పెద్ద లేబరేటరీని నడుపుతోంది, అండీ మాత్రం పోలేదు. జన్యువు మొత్తం అక్షరం అక్షరం చదివించమన్నాను. శనివారం దాకా ఆగమంది. ఆగడం నాకు ఎంత చేతనవునో మీకు తెలిసిందే.

శనివారం కాగితం వచ్చింది. మొదటి అక్షరంనుంచి చివరిదాకా నేనే మూడుసార్లు చదువుకున్నాను, ఎవరి మాటా నమ్మకుండా. తర్వాత చూలైకి ఫోను చేశాను, ఆ ఇంట్లో ఇప్పుడు చెల్లెలు, మామ, పిల్ల ఉంటున్నారు. స్పీకరు పెట్టినట్టున్నారు, ముగ్గురి ఊపిరీ వినబడుతోంది. అబ్బాయి జన్యువులో తేడా ఏమీ కనబడలేదు అని చెప్పాను. పిల్ల వెంటనే, నిన్ను పక్కన పెట్టుకొని చూళ్లేదు గదా పెద్దమ్మా అంది. ఆ పిల్లకు మొత్తం తెలుసు, పద్దెనిమిదో ఏట నేనే చెప్పాను, అప్పటినుంచీ సందు దొరికితే ఇలాగే పొడుస్తుంది. ఈసారి ఫోనులో చెల్లెలు కూడా నవ్వడం వినబడింది. ఈ విషయం మీద అది నవ్వగా నేను ఎన్నడూ వినలేదు. నవ్వు ఆపి ఫోను తన చేతిలోకి తీసుకున్నట్టుంది, గొంతు దగ్గరగా వచ్చింది.

"తేడా లేదు గీడా లేదు అని కాదక్కా. ఆ పాత మాట చెప్పు. నీ నోటితో వినాల."

చెప్పాను. నార్మల్ అని. నేను ఫోను పెట్టేయలేదు, వాళ్లూ పెట్టేయలేదు.

ఈ రోజుల్లో పోల్చి చూడడానికి ఎవరి రక్తమూ అక్కర్లేదు. సరైన రాత కంప్యూటరులో ఉంటుంది, అది ఏ ఒక్కరిదీ కాదు, దానికి నరం లేదు, చేతిమీద దూది లేదు, టీ తాగిందా అని దాన్ని ఎవరూ అడగరు. మంచిదే, నాలాంటి పొరపాట్లు ఇక జరగవు. జరిగినా, ఆ పొరపాటు నాదే అని చెప్పుకోవడానికి చూలై మెట్లెక్కే మనిషి మాత్రం ఉండదు. ఎనిమిదో నెలలో ఆమెను ఆటో తీసుకురమ్మని పిలిచే చెల్లెలూ ఉండదు.